మీ గుట్టుకు మీరే శాసనకర్తలు

పశ్చిమ మారేడ్‌పల్లిలో ఒక పాత బంగళా పెరటివైపు వంటశాలలో నాలుగు జాడీలతో మొదలైన మీ పొడుల, పచ్చళ్ల వ్యాపారము నేడు జంటనగరములలోని దుకాణములకే కాక డల్లాసులోని తెలుగువారి యిండ్లకును సరకు పంపునంతటిదైనదని ఒక్క నిమిషము ఊహించుకొనుడు. ఏ మిరప ఏ ఊరినుండి తేవలెనో, మెంతులు ఏ రంగు తిరుగువరకు వేగవలెనో, కందిపొడిలో వెల్లుల్లి ఏ దశలో పడవలెనో, నూనె ఎంత చల్లారిన పిదప కారము కలుపవలెనో, ఇవన్నియు మీకును, ఆరేండ్లుగా మీ వద్ద పనిచేయుచున్న వంటమాస్టరుకును తప్ప అన్యులకు తెలియవు. ఒక సోమవారమునాడు ఆయన పనికి రాడు. నెల తిరుగకమునుపే పొరుగుననున్న కార్ఖానా ప్రాంతములో ఒక కొత్త బోర్డు వెలయును; అచ్చట కొన్న సీసా మూత తీయగనే మీ యింటి వాసనయే గుప్పుమనును. అప్పుడు మీరేమి చేయుదురు?

మనలో పలువురు మొదట కోపగింతురు, పిదప పదిమంది పరిచితుల యెదుట వాపోవుదురు, అటుపిమ్మట వకీలు గుమ్మము తొక్కుదురు. వకీలు ఓపికగా విని, అతడేమి దొంగిలించెనని అడుగుటకు బదులు, దానిని రహస్యముగా ఉంచుటకు ఇన్నాళ్లును మీరేమి చేసితిరని అడుగును. ఆ ప్రశ్నకు ఆనాడు వెదకినను సమాధానము దొరకదు. వ్యవహారము సజావుగా సాగుచుండిన కాలముననే దానిని సిద్ధపరచి యుంచుకొనవలెను.

ఎందుచేతననగా, మన దేశమున పేటెంటునకు 1970 నాటి చట్టము, గ్రంథస్వామ్యమునకు 1957 నాటి చట్టము, ట్రేడ్‌మార్కునకు 1999 నాటి చట్టము కలవుగాని, వ్యాపార రహస్యమునకని ప్రత్యేకించి చేసిన శాసనము లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యులముగా 1995లో మనము అంగీకరించిన, మేధోసంపత్తికి సంబంధించిన ట్రిప్స్ ఒడంబడికలోని 39వ అధికరణము అట్టి రక్షణ ఉండవలెనని చెప్పుచున్నది. 2024 మార్చిలో 22వ లా కమిషను తన 289వ నివేదికలో ప్రత్యేక చట్టమును సిఫారసు చేసి ముసాయిదాను సైతము జతపరచినది. ఈ పంక్తులు వ్రాయునాటికి అది చట్టము కాలేదు. కావున న్యాయస్థానములు 1872 నాటి కాంట్రాక్టు చట్టమును, నమ్మి చెప్పినదానిని నమ్మినవాడు తన లాభమునకు వాడుకొనరాదను పాత ధర్మసూత్రమును ఆధారము చేసికొని తీర్పులు చెప్పుచున్నవి. శాసనసభ వ్రాయని శాసనమును మీరు మీ ఒప్పందములో వ్రాసికొనవలసి యున్నదన్నమాట. ఇది భారమే, అయినను వ్రాయు కలము మీ చేతిలోనే యుండుట ఒక విధముగా సదుపాయము.

న్యాయస్థానము సాధారణముగా మూడు విషయములు చూచును: ఆ సంగతి నిజముగా లోకమునకు తెలియనిదా? తెలియకపోవుటచేతనే దానికి విలువ కలిగినదా? తెలియకుండ ఉంచుటకు మీరు తగిన జాగ్రత్త తీసికొంటిరా? క్రింది సూచనలన్నియు ఈ మూడింటి చుట్టును తిరుగునవే.

1. గుట్టు ఏదో ముందు తేల్చుకొనుడు.

తన వ్యాపారమంతయు రహస్యమేయని చెప్పువాడు న్యాయస్థానమున ఏ ఒక్క రహస్యమును నిరూపింపజాలడు. పచ్చడి సీసాపై పదార్థముల పేర్లను బరువునుబట్టి ఎక్కువనుండి తక్కువకు వరుసగా ముద్రింపవలెనని ఆహార నిబంధనలు విధించుచున్నవి గదా. అట్లయినపుడు ఆవపిండి, మెంతులు, నువ్వులనూనె అను పేర్లు మీ గుట్టు ఎట్లగును? 1920లో హకీము మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ హైదరాబాదులో నెలకొల్పిన జిందా తిలిస్మాత్‌ను తలచుకొనుడు. నీలగిరి తైలము, కర్పూరము అందు కలవని ఊరంతయు ఎరుగును; నూరేండ్లు దాటినను ఆ మందు ఆ కుటుంబపు చేతులలోనే యున్నది. పేర్లు తెలియుట వేరు, చేత తెలియుట వేరు.

కాబట్టి ఒక నోటుపుస్తకము తెరచి, లోకమునకు తెలిసినవానిని ఒక ప్రక్కనను, మీకు మాత్రమే తెలిసినవానిని మరియొక ప్రక్కనను వ్రాయుడు. వేయింపు ఉష్ణోగ్రత, కలుపు క్రమము, ఏ రైతు ఏ ధరకు ఇచ్చుచున్నాడు, ఏ దుకాణమునకు ఎంత కమిషను, రాబోవు ఏడాది ఏ కొత్త సరకు దింపదలచితిరి, ఇవన్నియు రెండవ ప్రక్కకు వచ్చును. పెక్కుమంది మరచునది మరియొకటి కలదు: విఫలమైన ప్రయోగములు. ఏ నూనెతో చేసిన పచ్చడి మూడు మాసములకు బూజు పట్టెనో తెలిసికొనుటకు మీకెంత సొమ్ము వ్యయమైనది! ఆ పట్టిక పోటీదారుని చేతిలో పడినచో ఆ సొమ్మంతయు అతనికి మిగులును. ప్రతి పద్దునకు తేదీ వేసి, అది ఎవరెవరికి తెలియునో ప్రక్కనే వ్రాయుడు.

ఖాతాదారుల పట్టిక రహస్యమా కాదా? ఇది తరచుగా వచ్చు ప్రశ్న, దీనికి ఒకే జవాబు లేదు. 1995లో బర్లింగ్‌టన్ హోమ్ షాపింగ్ వ్యాజ్యమున ఢిల్లీ హైకోర్టు, శ్రమపడి కూర్చిన ఖాతాదారుల పట్టికకు గ్రంథస్వామ్యము కలదని దానిని మాజీ ఉద్యోగి వాడకుండ నిలిపినది; 2006లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు వ్యాజ్యమున అదే న్యాయస్థానము, ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు తెలిసియుండుట ఉద్యోగి మంచి కొలువు వెదకికొనుటకు అడ్డు కారాదని చెప్పినది. నేను గ్రహించినంతవరకు, ఎవరైనను నాలుగు ఫోనులు చేసి సంపాదింపగల పేర్ల పట్టికపై ఆశ పెట్టుకొనవలదు. ఆ పేర్ల ప్రక్కన కొనుగోలు చరిత్ర, ధర, ఇష్టాయిష్టములు చేరినపుడే దానికి బరువు వచ్చును.

2. పేటెంటు తీసికొనుటయా, పెదవి విప్పకుండుటయా?

పేటెంటు 20 ఏండ్లు రక్షించును. దరఖాస్తు పెట్టిన 18 మాసములకు అందలి వివరమంతయు లోకమున ప్రచురితమగును. రహస్యమునకు గడువు లేదు. అయితే మరియొకడు స్వయముగా కనిపెట్టినను, మీ వస్తువును న్యాయముగా కొని విప్పి చూచి తెలిసికొనినను మీరు చేయగలిగినది ఏమియు లేదు. విప్పి చూచిన తెలిసిపోవు యంత్రమైనచో పేటెంటు. ఎంత పరీక్షించినను చిక్కని ప్రక్రియయైనచో మౌనము. రెండింటితోపాటు పేరును రిజిస్టరు చేయించుట మాత్రము మానవలదు. పదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనుచు పోయినచో ట్రేడ్‌మార్కునకు అంతము లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆరంభించిన అమృతాంజనము నేటికిని అదే పేరుతో అమ్ముడగుచున్నది.

3. ఉద్యోగితో వ్రాయించుకొను కాగితము.

ఇచ్చట యజమానులు చేయు మహాపరాధమొకటి కలదు. అంతర్జాలమునుండి ఎవరిదో ఒప్పందమును దింపుకొని, “ఉద్యోగము మానిన పిదప ఐదేండ్లవరకు తెలంగాణమున ఎక్కడను ఇట్టి వ్యాపారము చేయరాదు” అను షరతును పెద్ద అక్షరములతో చేర్చి, ఇంక భయము లేదని నిద్రింతురు. కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను ప్రకారము, ధర్మసమ్మతమైన వృత్తివ్యాపారములనుండి ఒకనిని నిరోధించు ఒడంబడిక ఆ మేరకు చెల్లదు. ఇంటిగుట్టు లంకకు చేటని మనవారనిరి. విభీషణుడు లంకను వీడి రాముని శిబిరమున చేరుటను రావణుడు ఈ సెక్షను క్రింద అడ్డగింపజాలడు. కొలువులో నుండగా తెలిసికొనిన నాభిలోని అమృతకలశపు మర్మమును వెల్లడింపకుండ మాత్రము, ముందుగా కాగితము వ్రాయించుకొని యుండినచో, ఇంజంక్షను (న్యాయస్థానపు నిషేధాజ్ఞ) కోరియుండవచ్చును.

ఈ భేదమును సుప్రీంకోర్టు తీర్పులలో స్పష్టముగా చూడనగును. కల్యాణ్‌లోని సెంచురీ రేయాన్ కర్మాగారము టైరుకార్డు నూలు తయారుచేయు పద్ధతిని విదేశీ సంస్థలనుండి గోప్యత షరతుపై తెచ్చుకొన్నది; ఐదేండ్ల ఒప్పందముపై చేరిన షిఫ్టు సూపర్‌వైజరు గోలికరీ గడువు తీరకముందే కోటాలోని రాజస్థాన్ రేయాన్‌కు పోయెను. ఒప్పందకాలము నడచుచుండగా పోటీ సంస్థలో చేరరాదను నిషేధము చెల్లునని 1967లో ఆ న్యాయస్థానము నిర్ణయించినది. 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ వ్యాజ్యమున, కొలువు ముగిసిన పిదపకూడ రెండేండ్లు పోటీపని చేయరాదను షరతును అమలుపరచుటకు నిరాకరించినది. 2025లో విజయా బ్యాంకు వ్యాజ్యమున, మూడేండ్లు పనిచేయవలెను, లేనిచో రెండు లక్షలు చెల్లింపవలెనను బాండును మాత్రము సమర్థించినది. సారాంశమేమనగా, కొలువులోనున్నంతకాలము కట్టడి చేయవచ్చును, కనీసకాలము పనిచేయుమని అడుగవచ్చును, గుట్టును ఎన్నటికిని చెప్పవలదని కోరవచ్చును. వెళ్లిపోయినవాని పొయ్యి ఆర్పుట మాత్రము సాధ్యము కాదు.

ఇది అన్యాయమని మీకు తోచవచ్చును. నాకట్లు తోచదు. సోవియట్ సహాయముతో బాలానగరున వెలసిన ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్ కర్మాగారమున పని నేర్చి బయటకు వచ్చినవారే హైదరాబాదు ఔషధ పరిశ్రమకు పునాదులు వేసిరి. ఆ కొలువు విడిచి, కాలక్రమమున 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డిగారు వారిలో సుప్రసిద్ధులు. వారు వెంట గొనిపోయినది తమ విద్య, చేతినైపుణ్యము. అవి ఏ యజమానికిని సొత్తు కావు. వెళ్లువారి కాళ్లకు సంకెలలు వేయు చట్టమే ఉండినచో, ఈ పూట మీరు మింగిన మాత్ర ఇంత చౌకగా దొరకెడిదా?

అయినచో ఏమి వ్రాయవలెను? ఆడంబరము లేని నాలుగు వాక్యములు చాలును: “ఈ ఒప్పందము అనుబంధములో పేర్కొన్న పాకవిధానములు, ధరల వివరములు, ఖాతాదారుల సమాచారము నాకు ఈ కొలువు కారణముగా తెలియవచ్చినవి. వీనిని యజమాని పనికి తప్ప వాడను, ఎవరికిని చెప్పను, నకలు తీయను. కొలువు వీడునపుడు నా వద్దనున్న కాగితములు, ఫోటోలు, ఫైళ్లు తిరిగి యిచ్చెదను. కొలువు ముగిసిన పిదపకూడ, ఆ సంగతులు లోకమునకు తెలిసినవి కానంతవరకు, ఈ మాటకు కట్టుబడి యుందును.” అనుబంధమున విధానముల పేర్లు మాత్రమే వ్రాయుడు, విధానమునే వ్రాసినచో ఒప్పందమే గుట్టు రట్టు చేయును. తెలుగు చదువలేని వంటవానిచే ఆంగ్ల పత్రముపై సంతకము చేయించుట వ్యర్థము. అతని భాషలో చదివి వినిపించి, సాక్షి సంతకమును తీసికొనుడు. తగిన స్టాంపు లేని పత్రమును సుంకమును, దానికి పదిరెట్ల జరిమానాను చెల్లించువరకు న్యాయస్థానము సాక్ష్యముగా స్వీకరింపదు. స్టాంపునకగు స్వల్ప వ్యయమునకు వెనుకాడవలదు. “ఉల్లంఘించినచో కోటి రూపాయలు” అని వ్రాసినంతనే కోటి రాదనియు గుర్తుంచుకొనుడు: కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము, వ్రాసిన మొత్తమునకు మించకుండ, న్యాయమని తోచిన పరిహారమునే యిప్పింతురు.

భాగస్వాములకు వేరు నియమము కలదు. వైదొలగు భాగస్వామి కొంతకాలము, కొంత ప్రదేశమున పోటీ వ్యాపారము చేయనని వ్రాసి యిచ్చినచో, అది సమంజసముగా నున్నంతవరకు 1932 నాటి భాగస్వామ్య చట్టము దానిని మన్నించును. వ్యాపారమును, దాని మంచిపేరును అమ్మివేసినవాని విషయమునను కాంట్రాక్టు చట్టపు 27వ సెక్షనే మినహాయింపు నిచ్చినది. బావమరదితో కలసి దుకాణము తెరచువారు ఈ వాక్యమును రెండుసారులు చదువుదురుగాక.

4. గోడ దాటి పోవు గుట్టు.

ఉద్యోగినే అనుమానించుచు కూర్చుండి, యంత్రము చేసి యిచ్చువానికి, సాఫ్ట్‌వేరు వ్రాసి యిచ్చువానికి, సీసాలు నింపి యిచ్చువానికి సమస్తమును విప్పి చెప్పుట మన అలవాటు. 1987 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పొకటి ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. జాన్ బ్రాడీ అనునతడు పశుగ్రాసము పెంచు యంత్రమునకు కావలసిన ఉష్ణనిరోధక పలకల నిమిత్తము ఒక సంస్థకు తన నమూనా చిత్రములను అప్పగించెను. ఆ సంస్థ కొంతకాలమునకు అట్టి యంత్రమునే తయారు చేయ మొదలిడెను. నమ్మకముపై ఇచ్చినదానిని ఆ విధముగా వాడుకొనరాదని న్యాయస్థానము నిలిపినది. జీడిమెట్లలోనో బాలానగరునందో ఫాబ్రికేటరునకు డ్రాయింగు ఇచ్చు ముందు, దానిపై “గోప్యము” అని ముద్రవేసి, ఒక పేజీ కాగితము వ్రాయించుకొనుట ఎంత పని?

సాఫ్ట్‌వేరు విషయమున మరియొక చిక్కు. మీ జీతగాడు కొలువులో భాగముగా వ్రాసినదానికి గ్రంథస్వామ్యము మీది; బయటివానికి డబ్బిచ్చి వ్రాయించినదానికి, విరుద్ధముగా వ్రాసికొననిచో, స్వామ్యము సాధారణముగా అతనిదే. ఆ బదలాయింపు పత్రమున కాలము పేర్కొననిచో చట్టము దానిని ఐదేండ్లుగాను, ప్రదేశము పేర్కొననిచో భారతదేశమునకు మాత్రమే వర్తించునట్లుగాను భావించును. డల్లాసు ఖాతాదారులు గలవారు ఈ వాక్యము దగ్గర ఆగుట మంచిది.

గుట్టు పొరుగువాని పొలమున పెరుగునట్టి వ్యాపారమును మన తెలంగాణముననే కలదు. గద్వాల ప్రాంతమున పత్తి విత్తనము పండించు రైతు మడిలో హైబ్రీడు జనకములైన ఆడ, మగ మొక్కలు ఎండకు ఎండుచు, వానకు తడియుచు, దారిన పోవువారందరికిని కనబడుచుండును. కంపెనీకి రైతునకు నడుమ ఆర్గనైజరుండును. కంపెనీ వ్రాసికొనిన గోప్యత షరతు ఆర్గనైజరువద్దనే ఆగిపోయినచో రైతును అది కట్టుకొనదు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ చట్టము క్రింద రిజిస్టరైన పంట రకమునకు 15 ఏండ్ల హక్కు లభించును. కావున అట్టి గుట్టును మౌనముపై వదలక రిజిస్టరు చేయించుట వివేకము. మీది విత్తనము కాకపోయినను ఈ ప్రశ్న మీకును వర్తించును: మీ షరతు, చిట్టచివరి చేయివరకు పోవుచున్నదా?

5. తాళము వేసితిరా?

కాగితముపై గోప్యమనుచు, వాస్తవమున బీరువా తెరచియుంచినవానిని ఏ న్యాయమూర్తియు కరుణింపడు. మసాలా మిశ్రమములను మీరే కలిపి, ‘క’, ‘చ’, ‘ట’ అను గుర్తులతో పొట్లములు కట్టి వంటశాలకు పంపుడు. వేయించువానికి పాళ్లు తెలియనక్కరలేదు, పాళ్లు తెలిసినవానికి కొనుగోలు ధర తెలియనక్కరలేదు. కంప్యూటరులో ఎవరి పాస్‌వర్డు వారికే ఉండవలెను. పాకవిధానమును వాట్సప్ గ్రూపులో పెట్టుట, యూట్యూబు వారు వచ్చినపుడు సంతోషము పట్టజాలక వేయింపు మూకుడు దగ్గరకు తీసికొనిపోయి వివరించుట, బంధువుల కుర్రవానికి “నేర్చుకొనిపొమ్మని” వారము దినములు అప్పగించుట: ఇవి మూడును నేను తరచుగా వినుచున్న స్వయంకృతములు. అన్నిటికంటె వింతయైనది, గుట్టు యజమాని తలలో తప్ప మరెక్కడను లేకపోవుట. సీలుచేసిన ప్రతి ఒకటి బ్యాంకు లాకరులో లేనిచో, మీతోపాటు అదియు పోవును.

6. సర్కారు కచేరీలలో.

లైసెన్సు కొరకో టెండరు కొరకో ప్రక్రియ వివరములు ఇయ్యవలసి వచ్చినపుడు, ఆ పుటలపై వ్యాపార రహస్యమని వ్రాసి వేరు కవరులో ఇండు. సమాచార హక్కు చట్టము, 2005లోని 8(1)(డి) క్రింద అట్టి సమాచారమునకు మినహాయింపు కలదు. మీరు గోప్యమని ఇచ్చినదానిని ఎవరైనను కోరినపుడు, ఇచ్చు ముందు మీ అభ్యంతరమును అడుగవలెనని 11వ సెక్షను చెప్పుచున్నది. గోప్యమని మీరే వ్రాయనిచో గుమాస్తాకు ఎట్లు తెలియును?

7. సెలవు పుచ్చుకొను దినము.

వెళ్లువానితో చెడు మాటలాడవలదు. బాకీ జీతము దినము తప్పక చెల్లించి, ఒక అరగంట ఎదురుగా కూర్చుండబెట్టుకొని, అతడు సంతకము చేసిన కాగితమును మరల చదివి, తాళపుచెవులు, ల్యాప్‌టాపు, నోటుపుస్తకములు తీసికొని, అన్నియు అప్పగించినట్లు వ్రాయించుకొనుడు. “బాబూ, నీ విద్య నీది, ఈ పట్టికలోనివి మాత్రము మావి” అని చెప్పి పంపిన యజమానికి శత్రువులు తక్కువ. అతని ఈమెయిలు, పాస్‌వర్డు ఆ సాయంకాలమే మూయించుడు.

8. గుట్టు బయటపడినచో.

అప్పుడు కాలమే ప్రధానము. తెలిసినను నెలల తరబడి ఊరకుండినవానికి తాత్కాలిక ఇంజంక్షను దొరకుట కష్టము. ముందు సాక్ష్యమును భద్రపరచుడు: ఏ ఫైలు ఎప్పుడు ఎవరు దింపుకొనిరో తెలుపు లాగులను చెరపకుండ ఉంచుడు, ఎలక్ట్రానిక్ రికార్డునకు భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రము కావలెను. పోటీవాని సరకును బిల్లుతో కొని దాచుడు. వకీలు నోటీసు పంపించుడు. కొత్త యజమానికిని ఒక ప్రతి పంపినచో, ఇక తనకు తెలియదని అతడు చెప్పజాలడు. అనుమతి లేక డేటా నకలు తీసినచో ఐటీ చట్టము 43, 66 సెక్షనుల క్రింద పరిహారము, శిక్ష రెండును కలవు. కొలువులోనివాడు తనకు నమ్మి అప్పగించిన ఆస్తిని అపహరించినచో భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను వర్తింపవచ్చును. అయితే పోలీసు స్టేషనులో “ఇది సివిలు తగాదా” అను మాట వినుటకు సిద్ధపడియే పొండు. అసలు పోరాటము సివిలు న్యాయస్థానముననే జరుగును. వ్యవహారము వాణిజ్య వివాదము క్రిందికి వచ్చినచో, దావాకు ముందు మధ్యవర్తిత్వము తప్పనిసరి. అత్యవసర నిషేధము కోరువారికి మాత్రము ఆ నియమము అడ్డురాదు.

దావా వ్రాయించునపుడు ఒక జాగ్రత్త. న్యాయస్థానమునకు వివరముగా చెప్పవలెనను ఆత్రముతో పాకవిధానమునంతను, పాళ్లతో సహా, దావాలోనే టైపు చేయించు యజమానులు కలరు. దాని నకలు చట్టప్రకారము ప్రతివాదికే ముందు చేరును. దావాలో విధానము పేరును, తేదీని, అది ఎవరెవరికి తెలియునో అంతమాత్రమే వ్రాయించి, అసలు వివరమును సీలుకవరులో సమర్పించుటకు అనుమతి కోరుడు. ఉభయపక్షముల వకీళ్లు, నిపుణులు మాత్రమే దానిని చూచునట్లు ఆజ్ఞ ఇయ్యవలసినదిగా అర్జీ పెట్టుడు. 2022లో ఢిల్లీ హైకోర్టు తన మేధోసంపత్తి విభాగపు నియమములలో ఇట్టి ఏర్పాటునకు చోటు కల్పించినది. మీ వకీలు ఆ నియమములను ముందుంచి ఇచ్చటను అడుగవచ్చును.